పని చేసినోళ్లే పని కథ చెప్పాలె

సంఘం మీటింగు అనంగనే ఏమైతది? రిజిస్టరు తెరుస్తరు. హాజరు వేస్తరు. పొదుపు ఎంత, అప్పు ఎంత, వాయిదా కట్టనోళ్లు ఎవరు అని చదువొచ్చిన ఒక్కరు చదువుతరు. మిగతా అందరు తలకాయ ఊపుతరు. సంతకాలు, వేలిముద్రలు పడతయి. మీటింగు అయిపోతది. ఏడాది పొడుగునా చేసిన పని ఎక్కడ పండింది, ఎక్కడ ఎండింది, ఎందుకు అట్లయింది అన్న ముచ్చటే రాదు. తర్వాత పట్నం నుంచి ఎవరో వచ్చి, రెండు రోజులు తిరిగి, మన పని మీద రిపోర్టు రాస్తరు. అది మనకు చదివి వినిపించేటోళ్లు ఉండరు. పని మనది, చెమట మనది. దాని కథ మాత్రం ఇంకొకరి చేతిల!

ఇది చిన్న సంగతి కాదు. కథ ఎవరు చెప్తే తీర్పు వాళ్లదే అయితది.

మనకు కథ కొత్తదా? డక్కలి కళాకారులు పటం పట్టుకొని మాదిగ వాడకొచ్చి జాంబపురాణం చెప్పిండ్రు. చిందు కళాకారులు ఆడి, పాడి చెప్పిండ్రు. మనల్ని బడి గడప తొక్కనియ్యని కాలంల మన చరిత్రను నాలుక మీద మోసిండ్రు. రాత అందనోళ్లకు కథే రికార్డు. దాన్ని ఒట్టి కాలక్షేపం అనేటోళ్లకు మన చరిత్ర తెల్వదు.

మన జహీరాబాద్ నేల మీదనే దీనికి సాక్ష్యం ఉన్నది. 1983ల మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలల్ల ఎక్కువ మంది దళిత ఆడోళ్లే. ఆ సంఘాల ఆడోళ్లు కెమెరా పట్టడం నేర్చుకున్నరు. 2002ల దేశంల బీటీ పత్తికి అనుమతి వచ్చినంక వీళ్లు వరంగల్ రైతుల కాడికి పోయిండ్రు. ఒక్కసారి పోయి అడిగి వచ్చుడు కాదు. ఆ పంట కాలమంతా నెల నెలా అవే చేన్లకు పోయిండ్రు. మొదట్ల రైతు ఏం ఆశపడ్డడు, నడుమ ఏం చూసిండు, చివరకు ఎందుకు కోపానికొచ్చిండు అన్నీ వరసగా పట్టుకున్నరు. 2003ల ఆ సినిమా బయటికొచ్చింది. చివరి లెక్క ఒక్కటే చూస్తే నష్టం ఎంతనో తెలుస్తది. నష్టం ఎట్ల వచ్చిందో తెలియాలంటే కథ మొదటి నుంచి వినాలె.

2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌ల సంఘం రేడియో మొదలైంది. లైసెన్సు రాకముందు కూడా ఈ ఆడోళ్లు ఏండ్ల తరబడి ముచ్చట్లు, పాటలు టేపుల మీద రికార్డు చేసి పెట్టుకున్నరు. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర కదుల్తది. ఊరూర ఆగి, విత్తనం చూపెట్టి, దాని ముచ్చట చెప్తరు. అది పండుగా అయింది, ఏడాది పని మీద సమీక్షా అయింది.

బయటి దేశాలల్ల గూడ ఈ తీరు ఉన్నది. 1990లల్ల బంగ్లాదేశ్‌ల రిక్ డేవిస్ అనే ఆయన ఒక పద్ధతి పెట్టిండు. పనిచేసేటోళ్లను లెక్కలు అడిగే బదులు, ఈ మధ్యన మీరు చూసిన మార్పులల్ల అన్నిటికన్నా పెద్దది ఏది, ఎందుకు పెద్దది, కథగా చెప్పుండ్రి అని అడుగుడు. అందరు కూసొని వాటిల ఒకటి ఏరుకుంటరు. ఎందుకు ఏరుకున్నరు అనే వాదనలనే అసలు చదువు ఉంటది.

మరి మన సంఘంల ఎట్ల చెయ్యాలె? గుండ్రంగ కూసోండ్రి. కుర్చీలు వద్దు. ఎప్పుడూ మాట్లాడని అక్కతోని మొదలు పెట్టుండ్రి. లీడరు ఆఖరికి మాట్లాడాలె. ఏమనుకొని పని మొదలు పెట్టినం, ఏమైంది, ఎక్కడ అడ్డం పడ్డది, ఎవరు చెయ్యి అందించిండ్రు, ఎవరు తప్పుకున్నరు అన్నీ వరసగా రావాలె. కథకు ఊ కొట్టేటోళ్లు కావాలె. నడుమల "అట్ల కాదు" అని అందుకోవద్దు, "తర్వాత ఏమైంది?" అని అడగాలె. కథ అయినంక ఒక్కటే ప్రశ్న: వచ్చేసారి మనం ఏం మార్చుకోవాలె? దానికి వచ్చిన జవాబు రిజిస్టరుల ఎక్కాలె.

రెండు జాగ్రత్తలు. ఫండ్ ఇచ్చేటోళ్లు గెలిచిన కథలే అడుగుతరు. మనం ఓడిన కథ గూడ చెప్పుకోవాలె. ఎండిన చేను, విరిగిన సంఘం, తిరిగి రాని అప్పు నేర్పినంత పాఠం గెలుపు నేర్పదు. రెండోది, ఒక ఆడమనిషి తన కడుపుల బాధ చెప్పుకుంటే అది ఆమె సొత్తు. ఆమె ఒప్పుకోకుండ గడప దాటొద్దు.

న్యాల్‌కల్ అన్నలకు, అక్కలకు ఇది ఇంకా అవసరం. నిమ్జ్ కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల 17 ఊర్లల్ల 12,635 ఎకరాలు అనుకున్నరు. కాగితం మీద అది సర్వే నంబరు, ఎకరాలు, రేటు. ఆ ఎకరంల జొన్న, కంది, కొర్ర కలిసి ఎట్ల పెరిగినయి, ఎన్ని కడుపులు నిండినయి, దున్నిందెవరు, కలుపు తీసిందెవరు అన్నది ఏ కాగితంలనూ ఉండదు. అది చెప్పగలిగేది ఆ చేన్ల నడుము వంచినోళ్లే. వాళ్లు చెప్పకుంటే ఆ భూమిని బీడు అని రాసేటోడు రాస్తడు. రాసిందే నిజమైతది.

అందుకే వచ్చే మీటింగుల రిజిస్టరు తెరిచే ముందు ఒక కథ చెప్పించుండ్రి. నెలకు ఒక్కటైనా సరే. ఫోన్ల రికార్డు చేసి దాచి పెట్టుండ్రి. మన పనికి తీర్పు చెప్పే హక్కు ముందుగాల మనది. ఆ హక్కును మన నోటితోనే నిలబెట్టుకోవాలె.