మడుగులకూ వేసవి విరామం కావాలి

శ్రీరామనవమి దాటేసరికి భద్రాచలం దగ్గర గోదావరి ఇసుక తిన్నెల మధ్య పాయలుగా చీలిపోతుంది. కిన్నెరసాని, తాలిపేరులలో కలిసే అడవి వాగులు అంతకుముందే తెగిపోయి, రాళ్ల నడుమ లోతున్న చోట్ల మాత్రమే నీరు నిలుస్తుంది. వానాకాలంలో వాగంతా తిరిగిన వాలుగలు, కొర్రమట్టలు, జెల్లలు, పరిగెలు చివరికి ఆ మడుగుల్లోకే చేరతాయి. తొలకరికి వాగు పారగానే గుడ్లు పెట్టి మళ్లీ వాగు నింపవలసిన తల్లిచేపలు అవే. ఏప్రిల్, మే నెలల్లో ఒక లోతు మడుగును ఊడ్చేస్తే ఆనాటి కూరతో లెక్క తీరదు, విత్తులకు దాచిన జొన్నలు దంచుకు తిన్నట్టే. అందుకే ఈ రెండు నెలలు లోతైన మడుగుల్లో వేట ఆపాలి. ఏ మడుగులో ఆపాలన్న నిర్ణయమూ, దాని కాపలా కూడా ఆ ఊరి గ్రామసభ చేతిలోనే ఉండాలి.

సముద్రం విషయంలో ఈ సంగతి మనం ఎప్పుడో ఒప్పుకున్నాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవల వేటను నిషేధిస్తున్నారు. వేట లేక ఇబ్బంది పడే మత్స్యకార కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 20,000 రూపాయల చొప్పున భృతి ఇచ్చింది. సముద్రంలో చేపకు లోతుంది, పారిపోవడానికి దూరముంది. నాలుగు బండల మధ్య చిక్కిన మడుగులో ఆ రెండూ లేవు, అయినా సరిగ్గా ఆ రోజుల్లోనే దానిమీద దాడి ఎక్కువ. గాలం, విసురు వల, వెదురు బుట్టలతో పట్టేవాళ్ల వల్ల వచ్చే నష్టం తక్కువే. మంగకాయలు దంచి నీళ్లలో కలిపి చేపలకు మత్తెక్కించే పాత పద్ధతిని నేను వెనకేసుకురాను. అయితే బ్లీచింగ్ పౌడరు, పురుగుమందు, కరెంటు తీగ, జిలెటిన్ కడ్డీ చేసే పని వేరు. వలకు కన్నుంటుంది, పిల్ల చేప దాటిపోతుంది. విషానికీ కరెంటుకూ ఆ తేడా తెలియదు. పిల్ల చేపతో పాటు నత్త, పీత, పురుగు అన్నీ పోతాయి. పశువులూ జంతువులూ తాగే నీళ్లూ అవేనని మరిచిపోకూడదు.

వేసవిలో చేతిలో పనిలేని పేదవాడి నోటికాడ కూడు తీస్తారా అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్న. ఇప్పపువ్వు, తునికాకు ఆదాయం కొద్ది వారాలదే, చేప ఆ ఇంటికి డబ్బు పెట్టకుండా దొరికే బలమైన తిండి. కాబట్టి వాగంతా మూసేయమనడం అన్యాయం. ఊరికి ఒకటో రెండో లోతు మడుగులను వదిలి, మిగతా చోట్ల వలకూ గాలానికీ అడ్డు లేకుండా ఉంచితే చాలు. చిన్న చోటు వదిలితే లాభమేమిటన్న అనుమానానికి థాయిలాండ్‌లో జవాబు ఉంది. సాల్వీన్ నదీ పరీవాహకంలోని ఒక ఉపనది పొడవునా పల్లెలు సొంతంగా కాపాడుకుంటున్న 23 నిషేధ ప్రాంతాలను శాస్త్రవేత్తలు పరిశీలించి, 2020లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. వేట సాగే పక్క నీళ్లతో పోలిస్తే అక్కడ చేపల సాంద్రత రెట్టింపుకు పైగా, మొత్తం బరువు ఇరవై రెట్లకు పైగా ఉంది. అవన్నీ చిన్న చిన్న ముక్కలే.

ప్రభుత్వం ఏటా ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది కదా, ఇంక ఈ కాపలా ఎందుకు అన్నది మరో వాదన. 2016-17లో తెలంగాణ మొదలుపెట్టిన ఆ పథకం చెరువులకూ జలాశయాలకూ మేలు చేసేదే. కానీ లారీలో వచ్చేవి ప్రధానంగా బొచ్చె, రవ్వ, మోసు రకాలు. గిరిజనులు ఎండబెట్టి దాచుకునే చిన్న వాగుచేపలు ఏ హేచరీలోనూ పుట్టవు. అవి పోతే మళ్లీ తెచ్చి పోసే దారి లేదు.

చట్టం లేక ఈ పని ఆగలేదు. విషం, పేలుడు పదార్థాలతో చేపలు చంపడాన్ని 1897 నాటి మత్స్య చట్టమే నిషేధించింది. కానీ అడవి లోపలి మడుగు దగ్గర రాత్రిపూట కాపలా ఎవరుంటారు? ఫారెస్టు బీటు అధికారి ఒక్కడివల్ల అయ్యే పని కాదు, మత్స్యశాఖకు అక్కడ మనుషులే లేరు. ఉన్నది ఊరే. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటివనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించమంది. 2006 అటవీ హక్కుల చట్టం చేపలపై సామూహిక హక్కును గుర్తించి, నీటివనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కాలం వచ్చేదాకా ఆగడం కూడా ఇక్కడివారికి కొత్త కాదు. కొత్తల పండుగ చేయనిదే కొత్త పంట ముట్టని ఆచారం కోయ పల్లెలది. బయటినుంచి వచ్చి మడుగులో మందు కలిపేవాణ్ని నిలదీయడానికి ఆ ఊరికి కావలసింది కాగితం మీద గుర్తింపు.

భద్రాచలం ఐటీడీఏ, మత్స్యశాఖ, అటవీశాఖ కలిసి వచ్చే వేసవి లోపే గ్రామసభల చేత ఒక్కో మడుగును ఎంపిక చేయించి, ఆ తీర్మానాలను అధికారికంగా నమోదు చేయాలి. కాపలా కాసే యువకులకు ఉపాధి హామీ కూలితో సమానంగానైనా ఇవ్వాలి. సముద్రానికి ఇచ్చే 61 రోజుల విరామం వాగుకూ దక్కాలి.