సోఫా సంగతి మాకు సంబంధం లేదు

మా అక్కవాళ్లది గుంటూరు. బావ టీచరుగా రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో అక్క తనకంటూ అడిగి కొనిపించుకున్న వస్తువు ఒక్కటే, మీగడ రంగు రెక్సిన్ సోఫా. దాని మీద ఎవరైనా కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే చాలు, ఆవిడ కళ్లన్నీ అటే ఉంటాయి.

మొన్న వేసవికి ముందు మనవడి పుట్టినరోజని హైదరాబాద్ వచ్చి, ఒక పెద్ద షోరూములో వాడికి ముదురు నీలం జీన్స్ ప్యాంటు కొనిపెట్టింది. పద్దెనిమిది వందలు. సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్లిన పిల్లాడు ఆ ప్యాంటు వేసుకుని ఒక మధ్యాహ్నమంతా సోఫాలో కూర్చుని క్రికెట్ చూశాడు. గుంటూరు ఎండల సంగతి చెప్పక్కర్లేదు. పైగా నడుమ గంటసేపు కరెంటు లేదు. వాడు లేచాక చూస్తే సీటు మీద రెండు నీలి మరకలు, ఒక్కోటి అరచెయ్యంత. తడిగుడ్డతో తుడిచారు, సబ్బునీళ్లతో తుడిచారు, ఎవరో చెబితే టూత్‌పేస్టు కూడా రాశారు. పోలేదు. సోఫాలు కుట్టే మేస్త్రి వచ్చి చూసి, రంగు రెక్సిన్ లోపలికి ఇంకిపోయిందనీ, సీట్ల మీది రెక్సిన్ మొత్తం మార్చాలనీ, పదకొండు వేలు అవుతుందనీ చెప్పాడు.

అక్క మళ్లీ హైదరాబాద్ వచ్చినప్పుడు ఇద్దరం ఆ షోరూముకి వెళ్లాం. మేనేజరు కుర్చీలు వేయించి మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, జీన్స్ అన్నాక మొదట్లో రంగు దిగుతుంది. అందరికీ తెలిసిందే. కావాలంటే ప్యాంటు మార్చి ఇస్తాం. సోఫా సంగతి మాకు సంబంధం లేదు" అన్నాడు. అక్క నా చెయ్యి పట్టుకుని, "పోనీలేవే, వాళ్లు మాత్రం ఏం చేస్తారు" అంది.

ఆ మేనేజరు చెప్పిన మాటల్లో రెండింటిని నేను వదల్లేకపోయాను. ఒకటి సోఫాతో సంబంధం లేదన్నది. రెండోది అందరికీ తెలిసిందేనన్నది. ఈ రెండు మాటలతోనే మన దగ్గర వేలమందిని కౌంటరు నుంచి వెనక్కి పంపిస్తున్నారని నా నమ్మకం.

మొదటి మాట చట్టం ముందు నిలవదు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. 1986 నాటి పాత చట్టంలో ఇది లేదు. కొత్త చట్టంలో 'హాని' అంటే ఏమిటో చెబుతూ, మొట్టమొదట పెట్టింది ఆ వస్తువుకి కాకుండా ఇతర ఆస్తికి జరిగిన నష్టాన్నే. వస్తువుకే జరిగిన నష్టాన్ని ఆ నిర్వచనంలోంచి తీసేశారు కూడా. అంటే ఆ అధ్యాయం దృష్టిలో ప్యాంటు అసలు విషయమే కాదు, సోఫానే విషయం. ఆస్తి పాడైనందువల్ల కలిగిన మనోవేదనకు కూడా అందులో చోటుంది. ప్యాంటు డబ్బు వాపసు అడగడానికి లోపభూయిష్టమైన సరుకు అనే పాత దారి ఎలాగూ ఉంది. రెండూ ఒకే ఫిర్యాదులో అడగవచ్చు.

తయారీదారు ఏ సందర్భాల్లో బాధ్యుడవుతాడో 84వ సెక్షన్ చెబుతుంది. తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, ఇచ్చిన హామీకి తగినట్టు లేకపోవడం లాంటివాటితో పాటు, హాని జరగకుండా వాడే పద్ధతి సరిగా చెప్పకపోవడం, తగిన హెచ్చరిక ఇవ్వకపోవడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అమ్మినవాడు పూర్తిగా తప్పుకోవడానికీ లేదు. తయారు చేసిందెవరో తెలియకపోతే, తెలిసినా అతనికి నోటీసు అందించే వీలు లేకపోతే, 86వ సెక్షన్ ప్రకారం ఆ బాధ్యత అమ్మినవాడి మీదికి వస్తుంది. పేరూ ఊరూ లేని ట్యాగులతో బట్టలు అమ్మే దుకాణాలు ఈ సెక్షన్‌ని గోడకు అంటించుకోవాలి.

ఇక రెండో మాట. అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఎందుకంటే చట్టంలోనే దానికి ఆధారం ఉంది. ఎదురుగా కనిపించే ప్రమాదం, వాడేవాళ్లకు మామూలుగా తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని తయారీదారుని తప్పుపట్టకూడదని 87వ సెక్షన్ అంటుంది. కంపెనీ లాయరు మొదట పట్టుకునేది దీన్నే. కాబట్టి నిజంగా అందరికీ తెలిసిందేమిటో నిదానంగా చూడాలి.

కొత్తబట్ట బకెట్లో వేస్తే రంగు దిగుతుందని మనందరికీ తెలుసు. మా అమ్మ కొత్త చీరని ఉప్పునీళ్లలో నానబెట్టి, విడిగా జాడించి, నీడన ఆరేసేది. ప్రతి ఇంట్లోనూ ఒక చొక్కానో దుప్పటో ఇంకోదాని రంగు అంటించుకుని గులాబీ రంగుకి తిరిగిన కథ ఉంటుంది. ఇదంతా నీళ్లలో జరిగేది. ఉతక్కుండానే, తడపకుండానే, ఊరికే కూర్చున్నందుకే ప్యాంటు రంగు సోఫాలోకి దిగుతుందని మా అక్కకి తెలియదు. నాకూ తెలియదు. ఆ షోరూములో ప్యాంటు చూపించి పొగిడిన అమ్మాయికి తెలుసో లేదో, తెలిస్తే మాత్రం చెప్పలేదు.

తయారు చేసినవాళ్లకు మాత్రం తెలుసు. జీన్స్‌కి నీలం ఇచ్చే ఇండిగో తక్కిన రంగుల్లాంటిది కాదు. అది నీళ్లలో కరగదు. రసాయనాలతో దాన్ని కరిగే రూపానికి మార్చి, నూలుని అందులో ముంచి, పైకి తీసి గాలి తగిలిస్తారు. గాలి తగలగానే అది మళ్లీ కరగని నీలంగా మారి నూలుకి పట్టుకుంటుంది. ఇలా ముంచడం, ఆరబెట్టడం చాలాసార్లు చేస్తారు. అయినా రంగు పోగు లోపలి దాకా వెళ్లదు. పైన ఉంగరంలా నిలుస్తుంది, నడిమధ్య తెల్లగానే ఉంటుంది. జీన్స్ వాడేకొద్దీ మోకాళ్ల దగ్గర వెలిసి అందంగా కనిపించేది అందుకే. ఆ వెలవడాన్ని చూపించే దాన్ని అమ్ముతారు కూడా. వెలిసిన రంగు ఎక్కడో ఒకచోట అంటుకోవాలి కదా. రెక్సిన్‌ని మెత్తగా ఉంచడానికి వాడే నూనెలాంటి పదార్థాలు ఆ రంగుని లోపలికి లాక్కుంటాయి. చెమట తోడైతే ఇంకా త్వరగా దిగుతుంది.

దీన్ని కొలిచే పద్ధతి కూడా పరిశ్రమలో ఎప్పటినుంచో ఉంది. క్రాక్‌మీటర్ అనే చిన్న యంత్రానికి ఒక తెల్ల నూలుగుడ్డ ముక్క తొడిగి, పరీక్షించే బట్ట మీద ఇంత ఒత్తిడని లెక్కగా పెట్టి, పదిసార్లు ముందుకీ వెనక్కీ రుద్దుతారు. ఒకసారి పొడిగా, ఒకసారి తడిపి. తెల్లగుడ్డకి ఎంత రంగు అంటిందో బూడిదరంగు పట్టీతో పోల్చి 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. 5 అంటే ఏమీ అంటలేదని. ముదురు జీన్స్ తడి రుద్దుడులో అట్టడుగు మార్కుల దగ్గర ఉండటం ఆ రంగంలో ఉన్నవాళ్లకు కొత్త విషయం కాదు. ఆ అంకె ఫ్యాక్టరీలో ఉంటుంది, ఎగుమతి కాగితాల్లో ఉంటుంది. కొనేవాడి చేతికొచ్చే ట్యాగు మీద మాత్రం ఉండదు.

మా అక్క కొన్న ప్యాంటు నడుం పట్టీ లోపల, కుట్టులో దాక్కున్న తెల్ల లేబుల్ మీద, ఇంగ్లీషులో, అద్దాలు పెట్టుకున్నా కష్టంగా కనిపించే అక్షరాల్లో ఉన్నది ఒక్కటే మాట, ముదురు రంగులు విడిగా ఉతకమని. కూర్చోవడం గురించి ఒక్క ముక్క లేదు. అది ఉతుకుడు సలహానే తప్ప హెచ్చరిక కాదు. లేత రంగు సీట్లకు, తోలు వస్తువులకు రంగు అంటవచ్చని ట్యాగు మీద స్పష్టంగా రాసే కంపెనీలు కొన్ని ఉన్నాయి. అలా రాసినచోట కొనుగోలుదారుడి వాదన బలహీనపడుతుంది, ఒప్పుకోవాలి. కానీ వాళ్లు అలా రాయడమే ఇది అందరికీ తెలిసిన సంగతి కాదని చెప్పడానికి సాక్ష్యం. అందరికీ తెలిసినదాన్ని డబ్బు పెట్టి ట్యాగు మీద ఎవరూ అచ్చు వేయించరు.

నాకు కోపం వచ్చేది ఇంకొకచోట. రంగు వేశాక మిగిలిన అదనపు రంగుని వదిలించడం తయారీదారుడి పని. మన పెడనలో ఇవాళ్టికీ అద్దకం గుడ్డని పారే నీళ్లలో జాడించి, అంటీ అంటని రంగంతా పోగొట్టాకే తర్వాతి ఉడుకు పెడతారు. కరక్కాయ, పటిక, చిరివేరులతో రంగుని గుడ్డకి కట్టిపడేసిన తీరం మనది. ఇంగ్లీషు కంపెనీవాళ్లు 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టుకున్నది ఆ బట్టల కోసమే. ఉతికితే వెలవని అద్దకం నూలుబట్ట అప్పట్లో యూరప్‌వాళ్లకు చేతకాలేదు. జీన్స్‌నీ ఫ్యాక్టరీలోనే బాగా ఉతికి పంపవచ్చు. అయితే నీళ్లు ఖర్చు, టైము ఖర్చు, పైగా ఆ చిక్కటి నీలం కొంత తగ్గుతుంది. అందుకని ఆ పనిని మన ఇంటి బకెట్‌కి బదిలీ చేశారు. షాపువాళ్లు "ఉప్పునీళ్లలో నానబెట్టాల్సింది మేడమ్" అన్నప్పుడు ఆ భారం ఇంట్లో ఆడవాళ్ల నెత్తిన పడుతోందని గుర్తించాలి. నిజానికి ఉప్పు కొన్ని రకాల రంగులు వేసేటప్పుడు రంగుని నూలులోకి నెట్టడానికి పనికొస్తుంది. పైపైన పట్టుకున్న ఇండిగోని ఇంట్లో ఉప్పునీళ్లు కట్టిపడేయలేవు.

ఇలాంటిది జరిగితే చేయాల్సినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది తప్పు చేసేది ఒకటుంది. ఆ బట్టని ఉతక్కూడదు. ఉతికిన మరుక్షణం సాక్ష్యం పోతుంది, మీరే ఏదో సబ్బు వాడి పాడు చేశారంటారు. మరకని తుడవబోయే ముందే పగటి వెలుగులో ఫోటోలు తీయాలి. తెల్ల కర్చీఫుతో బట్ట మీద పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి రుద్ది, ఆ కర్చీఫుని కూడా దాచాలి. షాపు బిల్లుల మీది అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, అదేరోజు జిరాక్సు తీయించాలి. మేస్త్రి చెప్పిన ఖర్చుని కాగితం మీద రాయించుకోవాలి. కొత్త సోఫా కావాలని మాత్రం అడగొద్దు. ఐదేళ్లు వాడిన సోఫాకి కొత్తదాని ధర అడిగితే న్యాయమైన కోరిక కూడా అత్యాశలా కనిపిస్తుంది. రెక్సిన్ మార్పించే ఖర్చు అడగండి, గట్టిగా అడగండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. హైదరాబాద్‌లో కొన్నా మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. వస్తువు ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువుంది. కమిషన్ బట్టని ల్యాబుకి పంపించి పరీక్ష చేయించగలదు. దానికయ్యే ఫీజు ముందుగా ఫిర్యాదుదారునే కట్టమనవచ్చు. పరీక్ష అవసరమైన కేసుల్ని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో వాయిదాలుంటాయి. పద్దెనిమిది వందల ప్యాంటు కోసం అన్నిసార్లు ఎవరు తిరుగుతారన్న ధైర్యమే కంపెనీలది.

అందుకే దీన్ని ఒక్కొక్క అక్కా ఒక్కొక్క కేసు వేసి గెలిచే వ్యవహారంగా వదిలేయకూడదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు మార్గదర్శకాలు జారీ చేసే అధికారం ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో, వెబ్‌సైట్లు కొనుగోలుదారుల్ని మభ్యపెట్టే పద్ధతుల మీద 2023లో జారీ చేసింది. ముదురు రంగు బట్టల విషయంలోనూ చేయాలి. రుద్దుడు పరీక్షలో వచ్చిన అంకెని ధర ట్యాగు మీద, ధర పక్కనే అచ్చు వేయించాలి. ఫ్రిజ్ మీద నక్షత్రాలు చూసి కొనడం నేర్చుకున్న జనం ఈ అంకెని చూడటమూ నేర్చుకుంటారు. అంకె తక్కువున్న బట్ట మీద, లేత రంగు సీట్లకు అంటుతుందన్న హెచ్చరిక అమ్మే ఊరి భాషలో ఉండాలి.

మేం అడిగినదానికి కంపెనీ నుంచి అక్కకి జవాబొచ్చింది. ప్యాంటు డబ్బు ఇస్తాం, ఇంకో ఐదు వందలకి కూపను ఇస్తాం అని. సోఫా గురించి ఏమీ లేదు. అక్క కూపను తీసుకోలేదు. గుంటూరులోనే ఫిర్యాదు వేసింది. ప్యాంటు, నీలం అంటిన కర్చీఫు, బిల్లు జిరాక్సు, మేస్త్రి రాసిచ్చిన కాగితం ఒక కవర్లో పెట్టి బీరువాలో దాచింది.

మనవడికి వేరే ప్యాంటు కావాలి కదా. పోయిన వారం ఇద్దరం కొనడానికి వెళ్లాం. అక్క సంచిలోంచి తెల్ల కర్చీఫు తీసి, మంచినీళ్ల సీసాలోంచి నాలుగు చుక్కలు వేసి, ప్యాంటు తొడ భాగం మీద పదిసార్లు రుద్దింది. కర్చీఫు నీలంగా మారింది. కౌంటరు వెనక అమ్మాయికి అది చూపించి, ఇంకోటి తియ్యమ్మా అంది.