సైకిలుకు దారేది?

వాన పడితే రైతుకు సంతోషమే. విస్సన్నపేట మండలంలో సైకిలును నమ్ముకున్నవాడికి మాత్రం ఆ పూట సెలవు. జీతమున్న సెలవు కాదు, కూలి పోయిన సెలవు. బడిపిల్లలకైతే పాఠం పోయిన సెలవు. పుట్రేల, కొండపర్వ, తాతకుంట్ల వంటి గ్రామాలకు తారు రోడ్లు ఉన్నమాట నిజమే. కాని మామిడి తోటకు తారు రోడ్డు పోదు, శివారు గూడేనికీ పోదు. అక్కడికి డొంకదారే గతి. ఆ దారికి అడ్డంగా వాగు, వాగు మీద ఓ చప్టా.

ఇక్కడి వాగులు డెల్టా కాలువల వంటివి కావు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప నీరు కనబడదు. ఎగువ మెరకల మీద గట్టి వాన కురిసిందా, చూస్తుండగానే ఒడ్డులొరసి పారతాయి, కొన్ని గంటల్లో తీస్తాయి. అందుకే పూర్వం వంతెనలకు బదులు చప్టాలు కట్టారు. ఖర్చు తక్కువ, వరద పైనుంచి పోతుంది, తీశాక జనం పోతారు. కాగితం మీద లెక్క బాగానే ఉంది. ఆ కొన్ని గంటలు పొద్దున ఎనిమిదికి మొదలైతే బడి పోయినట్టే. సాయంత్రం మొదలైతే తోటలోని కూలీ చీకటి పడేదాకా అవతలి ఒడ్డున కూర్చోవలసిందే.

ట్రాక్టరు దాటే నీటిలో సైకిలు దాటదు. జానెడు నీటికే పెడలు మునుగుతుంది. తడిసిన రిమ్ముకు బ్రేకు పట్టదు. హబ్బులో గ్రీజు కొట్టుకుపోతే బేరింగులు పాడై, ఆ రిపేరుకూ కొంత కూలి పోతుంది. దిగి నెట్టుకుపోదామంటే మోకాటి లోతు ఉరవడిలో మనిషికే కాలు నిలవదు. చప్టా అంచు ఎక్కడుందో ఎర్రనీటిలో ఎవరికి తెలుస్తుంది?

డొంకల సంగతి మరీ అన్యాయం. ఇళ్ళ పునాదులకు, పశువుల కొట్టాలకు మట్టి కావలసినప్పుడల్లా డొంకనే తవ్వారు. ఇరుపక్కల చేలవారు గట్లు లోపలికి జరిపారు. దారి ఇరుకై, చేల కంటె పల్లమై, చివరికి అదే వాగయింది. ఇందులో ప్రభుత్వాన్ని ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు బుడమేరు విజయవాడను ముంచింది, నూజివీడు పెద్దచెరువుకు గండి పడింది. అందరి చూపూ అటే పోయింది, పోవలసిందే. ఏటా వచ్చే చిన్న వరదకు మాత్రం బాధితుల జాబితా ఉండదు, పరిహారం ఉండదు.

అందరికీ మోటారు సైకిళ్ళు వచ్చాయి, ఇంకా సైకిలు తొక్కేదెవరని అడిగేవారున్నారు. పెట్రోలు పోయించుకోలేని కూలీ తొక్కుతాడు, పాల క్యాను తగిలించుకున్న ముసలాయన తొక్కుతాడు, హైస్కూలు పిల్ల తొక్కుతుంది. ఆడపిల్లలు చదువు మానకూడదనే గదా ‘బడికొస్తా’ పథకం కింద ఒకప్పుడు సైకిళ్ళు పంచారు! సైకిలు ఇచ్చి దారి మరవడం ఏ లెక్క?

కోరుతున్నవి కోట్ల పనులు కావు. చప్టాకు రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్ళు పాతాలి. నీటి లోతు తెలిసేలా ఎర్రగీతల స్తంభం ఒకటి నిలపాలి. డొంకలకు హద్దులు వేసి, పల్లమైన చోట గ్రావెలు పోయాలి. బడిపిల్లలు రోజూ దాటే చప్టాలనైనా ఎత్తు పెంచి కల్వర్టులుగా మార్చాలి. డొంక పంచాయతీది, రోడ్డు ఇంజనీర్లది, వాగు జలవనరుల శాఖది. చప్టా తూముల్లో ఇరుక్కున్న ముళ్ళకంప మాత్రం ఎవరిదీ కాదు! మండల సమావేశంలో దానినెవరు తీయాలో ముందు తేల్చాలి.

మే నెలాఖరులోగా ఈ పనులు ముగియాలి. అప్పటికి వాగులు ఎండి ఉంటాయి, కాయకోతకు ట్రాక్టర్లు ఎలాగూ ఆ దారుల్లోనే తిరుగుతుంటాయి. తొలకరి పడ్డాక తట్టెడు గ్రావెలు పోసినా వాగులో పోసినట్టే.