అయ్యగారూ, వా పెడల్ ఏది కొనమంటారు?

గత నెల ఒక ఆదివారం ఆరాధన ముగిసి చాపలు చుడుతుండగా మా సంఘంలో గిటార్ వాయించే అబ్బాయి వచ్చి పక్కన నిలబడ్డాడు. పది నెలలుగా కూడబెట్టిన సొమ్ము ఉందట. వా పెడల్ కొనాలట. "ఏది కొనమంటారు అయ్యగారూ?" అన్నాడు. మరునాడు ఉదయం వాళ్ళమ్మ వచ్చింది. ఆమె పలాసలో జీడిపప్పు పనికి వెళ్తుంది. జీడి రసానికి నల్లబడిన వేళ్ళు చూస్తే ఎవరూ చెప్పనక్కర్లేదు. "కాలితో తొక్కే డబ్బాకి అన్ని డబ్బులేటి అయ్యగారూ? 2018లో తిత్లీ తుఫానుకి లేచిపోయిన రేకులు ఇప్పటికీ సరిగా ఎయ్యలేదు" అంది. ఇద్దరి మాటా న్యాయమైనదే. ఇలాంటి అబ్బాయిలు మీ ఇళ్ళలోనూ ఉంటారు గనుక ఈ నెల దీని గురించే రాస్తున్నాను.

ముందు, ఈ వస్తువు ఏమిటో తెలియని తల్లిదండ్రుల కోసం. గొంతు హెచ్చించకుండా, తగ్గించకుండా "ఊ" అని మొదలుపెట్టి, నెమ్మదిగా నోరు తెరుస్తూ "ఆ" దాకా రండి. శ్రుతి మారలేదు, కాని శబ్దం రంగు మారింది. మధ్యలో "వా" అని వినిపించింది. గిటార్ తీగకు నోరు లేదు. ఆ నోటి పని పాదం చేస్తుంది. మడమ కిందికి నొక్కితే నోరు మూసినట్టు బొంగురుగా, వేళ్ళు కిందికి నొక్కితే నోరు తెరిచినట్టు పదునుగా పలుకుతుంది. అంతే సంగతి.

1966లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అనే యువ ఇంజనీరు దీన్ని కనిపెట్టాడు. నిజానికి ఆయన చేస్తున్న పని వేరు. ఆంప్లిఫయర్‌లో ఖరీదైన ఒక స్విచ్ తీసేసి, దాని చోట చవకైన వాల్యూమ్ కంట్రోల్ లాంటిది పెట్టాలని చూస్తుంటే, తిప్పినప్పుడల్లా ఈ శబ్దం వచ్చింది. దాన్ని ఆర్గన్ వాల్యూమ్ పెడల్ డబ్బాలో అమర్చారు. అంటే దీని మొదటి ఇల్లు ఆర్గనే! 1967లో అమ్మకానికి వచ్చిన పెడల్‌కు క్లైడ్ మెక్‌కాయ్ అనే బూర విద్వాంసుని పేరు పెట్టారు. ఆయన ముప్పై ఐదేళ్ళ ముందే బూర మూతికి మూత అడ్డుపెట్టి ఇలా పలికించాడు. ఆ తరువాత వచ్చిన క్రై బేబీ అనే పేరే ఈనాటికీ ఎక్కువమంది అడిగేది. "ఇది సినిమా వాద్యం కదా" అని మా పెద్దల్లో ఒకరు గొణిగారు. హార్మోనియం సినిమాల్లో లేదా అని అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఇక కొనడం సంగతి. మన తీరంలో మొదట ఆలోచించవలసింది శబ్దం గురించి కాదు, గాలి గురించి. నౌపడ ఉప్పు మడుల మీదుగా వచ్చే గాలికి తలుపు గడియలే తుప్పు పడతాయి. మామూలు వా పెడల్ లోపల పళ్ళ పట్టీ ఒకటి, పాత రేడియోలో ఉండే వాల్యూమ్ కంట్రోల్ వంటి దాన్ని తిప్పుతుంది. అందులో దుమ్ము, చెమ్మ చేరితే కాలు కదిపినప్పుడల్లా కరకరలాడుతుంది. పాత రేడియోల కరకర మీకు గుర్తుండే ఉంటుంది. మోర్లీ కంపెనీ పెడళ్ళలో రాపిడి బదులు వెలుతురుతో ఆ పని జరుగుతుంది గనుక ఈ బాధ ఉండదు. పాత మోడళ్ళ డబ్బా మాత్రం పెద్దది. ఏది కొన్నా వాయించాక గుడ్డలో చుట్టి మూత ఉన్న పెట్టెలో పెట్టమనండి. తీగ కూడా ఊడదీయాలి. చాలా పెడళ్ళలో తీగ గుచ్చి ఉన్నంతసేపూ లోపలి బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం కూటాలకు వచ్చిన ఒక సోదరుని పెడల్‌లో బ్యాటరీ అయిపోయింది. పిన్ను సరిపోయింది కదా అని నేను మా కీబోర్డు అడాప్టర్ గుచ్చాను. దానిది 12 వోల్టులు, పిన్ను మధ్యభాగం ప్లస్. గిటార్ పెడళ్ళలో ఎక్కువవాటికి కావలసింది 9 వోల్టులు, మధ్యభాగం మైనస్. చిన్న వాసన వచ్చి పెడల్ మూగబోయింది. ఆయన ఒక్కమాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ. అడాప్టర్ మీద చిన్న గుండ్రని బొమ్మ ఉంటుంది, అది చూడకుండా గుచ్చవద్దు.

కొనేముందు మీ గిటార్ మోసుకుని దుకాణానికి వెళ్ళండి. మడమ వైపు మరీ మబ్బుగా, వేళ్ళ వైపు చెవిలో సూది గుచ్చినట్టు ఉంటే అది మీ గిటార్‌కు నప్పలేదన్నమాట. కొన్నిటికి వెలిగే బల్బు ఉండదు. ఆన్‌లో ఉందో లేదో తెలియక ఆరాధన మధ్యలో తికమకపడతారు.

మా అబ్బాయితో నేనూ విశాఖపట్నం వెళ్ళాను. మూడు వాయించి చూశాడు. మంచి క్రై బేబీ కొత్తది కొంటే కూడబెట్టినదంతా అయిపోతుంది. ఆ పక్కనే జూమ్ వారి చిన్న పెట్టె ఉంది. కాలి పెడల్ దానికే అమర్చి ఉంది, వాతోపాటు శ్రుతి చూసుకునే ట్యూనర్, ఇంకా అనేక శబ్దాలు అందులోనే ఉన్నాయి. నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే నడుస్తుంది. కరెంటు పోయే ఊరికి అది చిన్న మేలు కాదు. శబ్దంలో క్రై బేబీయే బాగుందని అతను తేల్చి చెప్పాడు, నా చెవికీ అలాగే తోచింది. అయినా చాలాసేపు నేల చూస్తూ కూర్చుని, వాడిన పెట్టె ఏదైనా ఉందా అని అడిగాడు. ఉంది. నేను నోరు విప్పలేదు.

మిగిలిన సొమ్ము తల్లి చేతిలో పెట్టాడు. రేకులన్నిటికీ అది చాలదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు ఈ వా వాడవద్దని మాత్రం చెప్పాను. ఆ పాటల్లో మాటలు పొడుగు. వెనుక కూర్చున్న ముసలమ్మలకు మాట వినపడాలి. చప్పట్లు కొట్టి పాడే పాటల్లో, చరణానికీ చరణానికీ మధ్య వాయించుకోమన్నాను.

శనివారం సాయంత్రం అభ్యాసానికి వాళ్ళమ్మ కూడా వచ్చి గుమ్మంలో కూర్చుంది. అతను ఒక తీగ మీటి కాలు ఆడించాడు. ఆమె కొంగు నోటికి అడ్డుపెట్టుకుని, "ఇదేట్రా, సంటిపిల్లడు ఏడుస్తున్నట్టుంది!" అంది.

"తెల్లోళ్ళు దానికి పెట్టిన పేరే అదమ్మా" అన్నాడు.