దుమ్మును తట్టుకుంటే చాలదు, పట్టాలె



వానలు పడంగనే గోదావరిఖని, రామగుండంల మొక్కలు నాటుడు మొదలైతది. సింగరేణి కంపెనీ ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టల మీద కూడా చెట్లు పెంచుతున్నది. 2015లో హరితహారం వచ్చినంక ఊరూరా నాటిన్రు. మంచిదే. కానీ ఏ చెట్టు ఎక్కడ పెట్టాలెనన్నది ఎవరు తేలుస్తున్నరు? "కాలుష్యాన్ని తట్టుకుంటది" అన్న ఒక్క మాట మీద తేల్చొద్దని నా అభిప్రాయం.

కోనోకార్పస్‌ను చూడండి. ఎండ, దుమ్ము అన్నీ తట్టుకుంటది, ఏడాదంతా పచ్చగుంటది. అందుకే రోడ్ల పొడుగునా పెట్టిన్రు. తర్వాత పుప్పొడితో అలర్జీ అని, వేర్లు పైపులను పాడుచేస్తయని ఫిర్యాదులొచ్చినయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటుడే నిషేధించింది.

శాస్త్రవేత్తలు ఆకులో నాలుగు చూసి తట్టుకునే శక్తిని లెక్కగడతరు: విటమిన్ సి, పత్రహరితం, నీటి శాతం, ఆకురసం ఎంత ఆమ్లంగా ఉన్నదనేది. చెట్టు ఆ గాలిలో బతుకుతదా అన్నదే ఈ లెక్క చెప్తది. దుమ్మును పట్టాలంటే ఆకు వెడల్పుగా, గరుకుగా, గుబురుగా ఉండాలె. అసలు దుమ్ము లేచే నెలల్లో చెట్టు మీద ఆకే ఉండాలె.

ఇక్కడ మన పెద్దల తెలివి పనికొస్తది. ఇప్ప, మోదుగ మనకు ప్రాణమే. కానీ పూతకాలానికి రెండూ ఆకు రాల్చి మోడైతయి. బొగ్గు లారీల రోడ్డు పక్కన మోడు చెట్టు ఏం ఆపుతది? అక్కడ జాగా ఉంటే మర్రి, లేకుంటే పొగడ పెట్టాలె. వేప, కానుగ ఆకు రాల్చినా తొందరగ చిగురిస్తయి. నేరేడు పండ్లు పిల్లలు తింటరు కాబట్టి అది కాలనీ లోపలికి. ఇప్ప, మోదుగ పార్కులల్ల, హాస్టల్ ఆవరణలల్ల, మట్టిగుట్టల మీద.

ఒక మాట మరువొద్దు. ఎన్ని చెట్లు పెట్టినా లారీల మీద పట్టా కప్పుడు, రోడ్డు మీద నీళ్లు కొట్టుడు ఆగొద్దు. చెట్టు దానికి తోడే గానీ బదులు కాదు.

మనం అడగాల్సినవి రెండు. నర్సరీ జాబితా రాసేటప్పుడు మన గూడేల పెద్దలను కూసోబెట్టాలె. విత్తనాలు మన మహిళా సంఘాల దగ్గర కొనాలె. ఇప్ప గింజ ఎక్కువ రోజులు నిల్వ ఉండదు, రాలినంక తొందరగ నాటాలె. ఆ పని అడవి పక్కనున్నోళ్లకే సాధ్యం.

ఖనిలో, ఎన్టీపీసీ కాలనీలల్ల చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పని చేయండి. వచ్చే ఎండాకాలం మీ వీధిలో ఏ చెట్టుకు ఆకు ఉన్నదో, దేనికి లేదో రాసిపెట్టండి. ఆ కాగితం పట్టుకొని కార్పొరేషన్‌కు పోదాం.