రెండూ ఒకటే గదా!

మొన్న నాయుడుపేటలో మా పిన్ని కూతురింటికి వెళ్ళేసరికి హాలులో పెద్ద పంచాయితీ జరుగుతున్నది. గోడలకు రంగు వేయించాలి. ఏరగా ఏరగా రెండు మిగిలాయి. ఒకటి పాలెక్కువైన కాఫీ రంగు, రెండోది అరగదీసిన గంధం రంగు.

"ఏంది వదినా, రెండూ ఒకటే గదా!" అని విసుక్కున్నాడు మా మరిది.

ఒకటెలా అవుతాయి? దుకాణంవాడు తెల్లకాగితం మీద చూపించే అగ్గిపెట్టెంత ముక్క వేరు, నాలుగు గోడలూ నిండిన రంగు వేరు. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల పెద్దగా ఉండిన షెవ్రల్‌కు, నల్లదారం వెలవెలబోతున్నదని ఫిర్యాదులు వచ్చాయట. తప్పు నలుపుది కాదు, ప్రక్కనున్న నీలానిదని తేల్చి, 1839లో దీనిమీద గ్రంథమే వేశాడాయన. చీరకు రవిక ఎంచేటప్పుడు మనందరికీ తెలిసిన సంగతే. గోడ దగ్గరికొచ్చేసరికి మరచిపోతాం.

రెండు చిన్న డబ్బాలు తెప్పించి, రెండు పెద్ద అట్టలకు రెండేసి పూతలు వేయించాను. ఆరిన తర్వాతే గోడకు ఆనించాం. (తడి రంగును చూసి తీర్పు చెప్పకండి. సున్నమైతే ఆరాక మరీ తెల్లబడుతుంది.) ప్రొద్దున రెండూ అక్కచెల్లెళ్ళలాగే ఉన్నాయి. కాని ఆ హాలుకు ఉత్తరపు కిటికీలే, ఎండ తిన్నగా పడదు. సాయంత్రం తెల్లబల్బు వేసేసరికి కాఫీ రంగు బూడిద తిరిగిపోయింది. గంధం నిలిచింది.

అంతసేపూ మూల మంచం మీద కూర్చున్న చెల్లెలి అత్తగారు మెల్లిగా అన్నది: "నాకు రెండూ ఒకటే తల్లీ. తలుపెక్కడుందో అగపడితే చాలు."

ఆమెకు డెబ్బై దాటాయి. వయసు మళ్ళేకొద్దీ కంటి కటకం పసుపు తిరుగుతుంది, లేతరంగుల తేడా సరిగా అందదు. ఇప్పుడున్న గోడా తెలుపే, ద్వారబంధమూ తెలుపే. పోయిన నెల భుజం కొట్టుకున్నదట. ఎవరికీ చెప్పలేదు. కొత్తగా కూడా గోడకూ ద్వారబంధానికీ ఒకటే రంగు వేయించాలని మావాళ్ళ ఆలోచన, అదేదో ఫాషనట!

మా చెల్లెలు ఏమీ అనలేదు. లేచి వెళ్ళి అత్తగారి ప్రక్కన కూర్చుని, భుజం చూపించమన్నది.

గోడలకు గంధమే ఖాయమైంది. ద్వారబంధాలకు మాత్రం ముదురు టేకు రంగు. ఇంకో డబ్బా ఖర్చు తగిలిందని మరిది గొణిగాడు గాని, మర్నాడు పనివాళ్ళు రాగానే ముందుగా తల్లి గది గుమ్మమే చూపించాడు.