మొదటి ఇల్లు, చెప్పని ఖర్చు

బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. యిర్మీయా ప్రవక్త చెరసాల ప్రాంగణంలో ఉన్నాడు. ఆ స్థితిలో ఆయన అనాతోతులో తన బంధువైన హనమేలు పొలం కొన్నాడు (యిర్మీయా 32:6-15). ఈ వాక్యభాగం మీద విశ్వాసం గురించి ప్రసంగాలు చాలా విన్నాం గాని, ఆ క్రయం జరిగిన తీరు గురించి విన్నది తక్కువ. ప్రవక్త 17 తులముల వెండి తూచి ఇచ్చాడు, పత్రం రాసి ముద్ర వేశాడు, సాక్షులను పిలిపించాడు. ముద్రవేసిన ప్రతిని, తెరిచి ఉన్న ప్రతిని బారూకుకిచ్చి మట్టికుండలో భద్రపరచమన్నాడు. కొనమన్నది దేవుడే అయినా కాగితాల విషయంలో ఆయన అశ్రద్ధ చేయలేదు.

ఇంగ్లండులో స్థిరపడిన మన పిల్లలు మొదటి ఇల్లు కొనే సమయంలో, ఇక్కడున్న తల్లిదండ్రులు కంగారుగా ప్రార్థన మనవులు తేవడం ఈమధ్య మాకు పరిపాటి అయింది. "అయ్యగారూ, బేరం కుదిరింది, బ్యాంకువాళ్లు లోనిస్తామన్నారు. ఇప్పుడు సొలిసిటరంట, బిల్లు మీద బిల్లు పంపిస్తున్నాడంట. మోసమేమోనండీ" అని ఒక తండ్రి వాపోయారు. సాధారణంగా ఇది మోసం కాదు. ముందుగా ఎవరూ చెప్పని ఖర్చు, అంతే. కానీ కూడబెట్టిన సొమ్మంతా అడ్వాన్సుకే సరిపోయిన ఇంట్లో ఆ 'అంతే' చాలా బరువైన మాట.

అక్కడ మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వంటిది లేదు. సొలిసిటర్ గాని, లైసెన్సున్న కన్వేయన్సర్ గాని పత్రాల పనంతా నడుపుతారు. వారు మొదట చెప్పే ఫీజు మీద 20 శాతం వ్యాట్ పడుతుంది. ఆ పైన ల్యాండ్ రిజిస్ట్రీ రుసుము, గుర్తింపు పరిశీలనకు, బ్యాంకు ద్వారా డబ్బు పంపినందుకు విడివిడిగా రుసుములు. ఫ్లాటైతే భవన యాజమాన్యం ఇచ్చే సమాచార పత్రాలకు, పేరు మార్పు నోటీసుకు మరికొంత. ఇక సెర్చ్‌లు. అక్కడి చట్టంలో అమ్మేవాడు లోపాలన్నీ తనంతట తాను చెప్పాలనే నియమం లేదు, కొనేవాడే విచారించుకోవాలి. ఇంటి ముందు రోడ్డు కౌన్సిల్‌దా, ప్రైవేటుదా? కట్టడానికి అనుమతులున్నాయా? మురుగు పైపు ఎవరి స్థలం కిందుగా పోతోంది? వరద వస్తుందా? పాత ఫ్యాక్టరీ విషం నేలలో ఉందా? బొగ్గు ప్రాంతమైతే కింద గని తవ్వారా? మన ఈసీ రిజిస్టరైన లావాదేవీలను మాత్రమే చూపిస్తుంది. ఈ సెర్చ్‌లు నేలనే ప్రశ్నిస్తాయి. ఆ డబ్బు వృథా అని మేమనుకోము.

అసలు నొప్పి మరోచోట ఉంది. ఇంగ్లండులో ఒప్పంద పత్రాలు మార్చుకునే వరకు ఇరుపక్షాల్లో ఎవరైనా తప్పుకోవచ్చు. రెండు నెలలు తిరిగాక అమ్మేవాడు ఇంకొకరికి ఎక్కువకు ఇచ్చేస్తే, సెర్చ్‌లకు కట్టిన డబ్బు తిరిగి రాదు. రెండో ఇంటికి మళ్లీ మొదటినుంచీ కట్టాలి. బురుజు కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పినప్పుడు (లూకా 14:28) ఆ లెక్కలో ఇలాంటి నష్టం కూడా ఉండాలి.

తల్లిదండ్రులతో కూడా రెండు మాటలు చెప్పాలి. మీరు పంపే డబ్బు ఎక్కడిదని సొలిసిటర్ అడుగుతాడు. నల్లధనాన్ని అరికట్టే 2017 నాటి నిబంధనల ప్రకారం అది ఆయన బాధ్యత. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పొలం అమ్మిన దస్తావేజు, ఇది అప్పు కాదు బహుమానమని సంతకం చేసిన ఉత్తరం, ఇవన్నీ అడగవచ్చు. ఈ పరిశీలనకు కొందరు అదనపు ఫీజు కూడా తీసుకుంటారు. "కన్నతండ్రి డబ్బును అనుమానిస్తారా?" అని నొచ్చుకోనక్కరలేదు. చిక్కల్లా మన దగ్గరే ఉంది. దస్తావేజులో 20 లక్షలు రాసి చేతికి 60 లక్షలు తీసుకున్న పొలం అమ్మకాన్ని ఏ సొలిసిటర్‌కు ఎలా వివరిస్తారు? మక్పేలా పొలం కొన్నప్పుడు అబ్రాహాము 400 తులముల వెండిని హేతు కుమారులందరూ వింటుండగా తూచి ఇచ్చాడు (ఆదికాండము 23:16). మన విశ్వాసుల ఇళ్లలోనూ ఈ 'తెలుపు, నలుపు' లెక్క మామూలైపోయింది. దాన్ని మామూలని పిలవడం మాకిష్టం లేదు.

రెండోది ఇంకా ఖరీదైనది. ప్రేమకొద్దీ ఇక్కడ ఫ్లాటు కొడుకు పేరునో కోడలి పేరునో రాయిస్తాం. ప్రపంచంలో ఎక్కడైనా ఇల్లు సొంతంగా ఉంటే, అది వారసత్వంగా వచ్చినా సరే, ఇంగ్లండులో 'మొదటి ఇల్లు' పన్ను రాయితీ రాదు. ఆ ఇల్లు 40 వేల పౌండ్లు, అంతకు పైబడిన విలువ చేస్తే, అదనపు పన్ను కూడా పడవచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 3 లక్షల 50 వేల పౌండ్ల ఇంటికి మొదటిసారి కొనేవారు కట్టేది 2,500 పౌండ్లు. ఇక్కడ ఫ్లాటున్నవారు 25,000 పౌండ్ల వరకు కట్టవలసి రావచ్చు. దంపతుల్లో ఏ ఒక్కరి పేరున ఉన్నా ఇద్దరికీ అదే దెబ్బ. ఈ సంగతి ఇల్లు చూడకముందే సొలిసిటర్‌కు చెప్పాలి, మొత్తం ఖర్చు రాతపూర్వకంగా అడగాలి. 2018 డిసెంబరు నుంచి ఇళ్ల క్రయవిక్రయాలు చేసే సొలిసిటర్ సంస్థలు తమ ధరలను బహిరంగంగా ప్రకటించాలన్న నియమం కూడా ఉంది.

సెర్చ్‌ల జాబితాలో ఒక పేరు చూసి మేము తలదించుకున్నాం. దాని పేరు చాన్సెల్ సెర్చ్. చర్చిలో ప్రభు బల్ల ఉండే భాగాన్ని చాన్సెల్ అంటారు. పూర్వం దశమభాగాలు అందుకునే రెక్టరే దాన్ని బాగుచేయించాలి. 1530లలో ఎనిమిదవ హెన్రీ రాజు మఠాలను రద్దు చేశాక ఆ భూములు మామూలు మనుషులకు వెళ్లాయి, బాధ్యత కూడా వాటితోపాటే వెళ్లింది. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో చర్చి, ఒక పొలం యజమానులైన దంపతుల నుంచి మొదట దాదాపు 95 వేల పౌండ్లు అడిగింది. 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చర్చి పక్షానే తీర్పు చెప్పింది. చివరికి లెక్క 1 లక్షా 86 వేల పౌండ్లు దాటింది, కోర్టు ఖర్చులు వేరే. చట్టం చర్చి వైపే ఉంది. ఆ పొరుగువారికి సువార్త చెప్పడానికి ఇక ఎవరు వెళ్లగలరు?

2013 అక్టోబరు 13 తర్వాత నియమం మారింది. ఈ బాధ్యత ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదై లేకపోతే, ఆ తేదీ తర్వాత డబ్బిచ్చి కొన్నవారి మీద సాధారణంగా పడదు. నమోదు చేయకపోతే నష్టం తమ మీద పడుతుందేమోనని కొన్ని సంఘాల పెద్దలు నోటీసులు వేశారు. వేసినవాటిని పొరుగువారి బాధ చూసి వెనక్కి తీసుకున్న సంఘాలూ ఉన్నాయి. పైకప్పు కారుతున్నా సరే, మేము ఆ రెండోవారి పక్షం.